వెనకబడ్డామా? ‘వెనుకబడిన’ అనే మాట పుట్టుక, ప్రయాణం

కులం గురించి మాట్లాడడానికి మన రాజ్యం దగ్గర ఒక మర్యాదైన మాట ఉంది: ‘వెనుకబడిన’. జీవోల్లో, కమిషన్ నివేదికల్లో, స్కాలర్‌షిప్ ఫారాల్లో, పత్రికల సంపాదకీయాల్లో ఆ మాట లేకుండా పని జరగదు. భూమి దక్కనివ్వలేదు అనాల్సిన చోట ఆర్థికంగా వెనుకబడ్డారు అంటారు. బడి గడప తొక్కనివ్వలేదు అనాల్సిన చోట విద్యాపరంగా వెనుకబడ్డారు అంటారు. అంటరానితనాన్ని పేరు పెట్టి పిలవాల్సిన చోట సామాజిక వెనుకబాటుతనం అని రాసి కలం మూస్తారు. దళిత ఉద్యమం ఈ మాట మీద ఎప్పటి నుంచో అభ్యంతరం చెబుతూనే ఉంది. మేం వెనకబడలేదు, మమ్మల్ని వెనక్కి నెట్టారు అనడం సభల్లో అందరం విన్నదే. అయితే నినాదం దగ్గర ఆగిపోతే చాలదు. ఈ మాట ఎక్కడిది, ఎవరి నోటి నుంచి ఎవరి కాగితంలోకి వచ్చింది, ఆ దారిలో దేన్ని వదిలేసి వచ్చింది అన్నది చూడాల్సి ఉంది.

మొదట వ్యాకరణం సంగతి. తెలుగులో ‘పడు’ అనే క్రియ రెండు రకాల పనులు చేస్తుంది. కిందపడడం, జబ్బుపడడం, వెనకపడడం ఒక రకం. ఇక్కడ పడ్డవాడే కర్త. రెండో రకం కావ్యాల్లోనూ కచేరీ కాగితాల్లోనూ కనిపించే కర్మణి ప్రయోగం: చెప్పబడిన, ఇవ్వబడిన, చంపబడిన. ఈ రెండో రకంలో చేసినవాడి పేరు వాక్యంలో లేకపోయినా ‘ఎవరిచేత?’ అని అడగొచ్చు. ‘చంపబడ్డాడు’ అంటే ఎవరిచేత అని అడుగుతాం. మరి ‘వెనుకబడ్డాడు’ అంటే? ‘ఎవరిచేత వెనుకబడ్డాడు’ అన్నది తెలుగే కాదు. నెట్టబడిన, తొక్కబడిన, అణచబడిన అనే మాటల పక్కన పెడితే ‘వెనుకబడిన’ కూడా ఆ కుటుంబంలోదే అన్నట్టు కనిపిస్తుంది. చెవికి కర్మణి లాగే వినిపిస్తుంది. అర్థంలోకొచ్చేసరికి నేరం పడ్డవాడి మీదే ఉంటుంది. మా ఊరి మాటలో చెప్పాలంటే, తన కాళ్ళు తనకే అడ్డం వచ్చి పడ్డాడన్నమాట.

ఇది తెలుగుకు తప్పనిసరి అయిన ఇబ్బంది కాదు. పక్కనున్న తమిళంలో ఇప్పుడు ప్రభుత్వ శాఖ పేరే ‘పిర్పడుత్తప్పట్టోర్’. అంటే వెనకపడేట్టు చేయబడినవాళ్ళు. షెడ్యూల్డ్ కులాలకు అక్కడ వాడుకలో ఉన్న మాట ‘తాళ్త్తప్పట్టోర్’, కిందికి దించబడినవాళ్ళు. ఈ రెండు మాటల్లోనూ చేసినవాడొకడు ఉన్నాడని వ్యాకరణమే సాక్ష్యం చెబుతుంది. తమిళంలో ‘పిన్‌తంగియ’ (వెనక నిలిచిపోయిన) అనే మాట కూడా ఉంది. బ్రాహ్మణేతర ఉద్యమం బలంగా నడిచిన నేల కాబట్టి అక్కడ రెండు మాటల మధ్య ఎంపిక సాధ్యమైంది. కన్నడంలో ‘హిందుళిద’ అంటారు, వెనక మిగిలిపోయిన అని. హిందీ ‘పిఛ్‌డా’ మన తెలుగు మాట లాంటిదే. మరాఠీలో ‘మాగాసవర్గీయ’ అంటే ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు అందరూ వస్తారు. తెలుగులో బీసీ అంటే ఎస్సీ కాదు. ఈ తేడా వెనక ఒక చరిత్ర ఉంది. దానికి ముందు మాట మూలం దగ్గరికి వెళ్దాం.

‘వెనుక’ అనేది ‘వెన్ను’ నుంచి వచ్చింది. కన్నడంలో బెన్ను. ఒంట్లో ఒక భాగం పేరు దిక్కుగా మారింది. వెన్ను ఉన్నవైపు వెనక. వెంట, వెంబడి, వెన్నాడు, వెనుదిరుగు అన్నీ ఆ తీగకు కాసినవే. జనం నోట్లో ఇది ఎనక, ఎనుక, ఎన్క. ఈ మాటకు మొదటి నుంచీ అవమానం అంటుకుని ఉందనుకుంటే పొరపాటు. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు అంటే కూడబెట్టుకున్నాడని. కొడుకును వెనకేసుకొచ్చింది అంటే అడ్డంపడి కాపాడిందని. వాడికి వెన్నుదన్ను ఉంది అంటే అండ ఉందని. వెనకాముందూ ఎవరూ లేనోడు అంటే దిక్కులేనోడని. కూలీనాలీ చేసుకునే మన జనానికి ‘ఎనక’ అంటే అండ ఉండే చోటు, దాచుకునే చోటు.

కాలం విషయంలో ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఎనకటి రోజులు అంటే గడిచిపోయినవి. సామెత చెప్పబోయే ముసలమ్మ ‘ఎనకటికెవడో’ అని మొదలుపెడుతుంది. అంతకుముందు అన్నా గడిచిపోయిందే. మరి ఇకముందు అంటే రాబోయేది. పాత పుస్తకాల్లో ‘వెనుక’ అంటే తరువాత అనే అర్థం కూడా ఉంది. అంటే తెలుగులో ముందూ వెనకా కాలానికి అటూ ఇటూ తిరుగుతాయి. ముందుకు పోవడమే గొప్ప, వెనక ఉండడమే తక్కువ అనే లెక్క ఈ మాటల్లో పుట్టుకతో లేదు. అది తరవాత ఎక్కించిన బరువు.

పొలంలో చూడండి. కలుపు తీసేటప్పుడూ కోత కోసేటప్పుడూ ఆడకూలీలు వరసగా మునుం పడతారు. ఎవరి మునుం వాళ్ళది. ఒకామె ఒంట్లో బాగలేకనో, చంటిబిడ్డకు పాలిచ్చి రావడం వల్లనో వెనకబడితే పక్కామె చెయ్యి సాయం వేసి వరస కలుపుతుంది. లేకపోతే మేస్త్రి నోరు పడేది అందరి మీదా. అక్కడ ‘ఎనకబడింది’ అంటే ఆమె గుణం కాదు, ఆ పూట సంగతి. పైగా వరస మొత్తానికి సంబంధించిన సంగతి. ఇక నాట్లప్పుడు అందరూ నడిచేదే వెనక్కి. నాటిన నారును తొక్కకుండా వంగి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోతారు. కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ తెలంగాణ చెరువుల కిందా తరతరాలుగా పండిన వరి చాలామటుకు అట్లా వెనక్కి నడిచిన ఆడవాళ్ళ చేతుల మీదుగా నాటిందే. వాళ్ళలో ఎక్కువమంది ఏ కులాల వాళ్ళో చెప్పక్కర్లేదు. ఈ కదలికకు అభివృద్ధి నిఘంటువులో చోటు లేదు.

దిక్కులకు హోదా కట్టిన భాష వేరే ఉంది. సంస్కృతంలో ‘అగ్ర’ అంటే కొన, ముందుభాగం. ‘పురోహితుడు’ అనే మాటకు అసలు అర్థమే ముందు ఉంచబడినవాడు. ఉంచినవాళ్ళెవరో కూడా దాచలేదు, రాజులు. అగ్రహారాల పేరుతో భూములిచ్చి, పన్నులు మినహాయించి, రాగిరేకుల మీద చెక్కించి మరీ ముందు ఉంచారు. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఇచ్చిన దానశాసనాలు తెలుగు చరిత్ర విద్యార్థులంతా చదివేవే. ఫలానా గోత్రం, ఫలానా శాఖ, ఫలానా పొలం, నాలుగు హద్దులు అన్నీ అందులో ఉంటాయి. ముందుకు రావడం ఎట్లా జరిగిందో ఇంత వివరంగా రాసి పెట్టుకున్న సమాజం, వెనకబడడం ఎట్లా జరిగిందో మాత్రం రాసుకోలేదు. నాలుగు హద్దుల లోపల అంతకుముందు దున్నుకుంటున్నవాడు ఏమయ్యాడో ఏ శాసనమూ చెప్పదు.

రెండోవైపు ‘అంత్యజుడు’. చివర పుట్టినవాడు. ‘పంచముడు’. నాలుగు లెక్కపెట్టాక మిగిలినవాడు. మనుస్మృతి పదో అధ్యాయం ఇంకా ఒక అడుగు వేసింది. పై వర్ణం మగవాడికీ కింది వర్ణం ఆడదానికీ పుడితే అనులోమం, వెంట్రుక వాలిన వైపు నిమిరినట్టు. అటు ఇటైతే ప్రతిలోమం, వెంట్రుకకు ఎదురు. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడు, ప్రతిలోమ సంతానంలో అందరికంటే అధముడు అని ఆ స్మృతి తీర్మానించింది. అంటే అంటరానివాళ్ళ పుట్టుకకు బ్రాహ్మణీయ న్యాయశాస్త్రం చెప్పుకున్న కారణమే ఒక వెనక్కి నడక. కట్టుకథే అయినా అందులో ఒక పద్ధతి ఉంది. ఎవరో చేసిన ‘తప్పు’ పుట్టినవాడి ఒంటికి అంటగట్టి శాశ్వతం చెయ్యడం ఆ పద్ధతి. ఆధునిక రాజ్యం ‘వెనుకబాటుతనం’ అని రాసినప్పుడు చండాలుడి కథ చెప్పదు. కానీ కారణాన్ని బాధితుడి ఒంట్లోనే వెతికే అలవాటు మాత్రం పోలేదు.

ఇక్కడే ఇంకో మాట. ఈనాడు వెనక్కి పోవడానికి మనం విరివిగా వాడే ‘తిరోగమనం’లో ‘తిరస్’ అంటే సంస్కృతంలో అడ్డంగా, పక్కకు, కంటికి కనపడకుండా అని. తిరోధానం అంటే మాయమవడం. ఆ లెక్కన తిరోగమనం కనుమరుగయ్యే నడక. చరిత్ర పుస్తకాల్లో మన జనం చేసింది ఈ రకం నడకే అనిపిస్తుంది.

వెనక ఉంచడం మాటల్లోనే జరగలేదు, ఒళ్ళు కదిలే పద్ధతిలో జరిగింది. పీష్వాల కాలంలో పూనాలో అంటరానివాళ్ళు తమ అడుగుల గుర్తులు తామే ఊడ్చుకుంటూ పోయేందుకు నడుముకు వెనక చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశారు. మన ఊళ్ళలో ఎదురొస్తే బాట దిగి నిలబడడం, చెప్పులు చేతిలో పట్టుకోవడం, దొరింటికి దొడ్డిదోవన పోవడం. పాలేరు పోయేదీ మాదిగ పోయేదీ దొడ్డి వాకిలి గుండానే. అదే ‘దొడ్డిదారి’ ఇప్పుడు అక్రమానికి పేరైంది. రిజర్వేషన్లలో సీటొచ్చిన పిల్లవాణ్ణి దొడ్డిదారిన వచ్చాడని ఎగతాళి చేసేవాళ్ళకు ఆ దారి ఎవరు ఎవరికోసం పెట్టారో గుర్తుండదు. ఒక్క డప్పు మాత్రం ముందు నడుస్తుంది. దేవుడి ఊరేగింపుకైనా శవానికైనా డప్పు ముందుండాలి. బువ్వకాడ డప్పు కొట్టినోడు కడాకు.

ఇప్పుడు ఇంగ్లీషు కాగితాల సంగతికి వద్దాం. ‘బ్యాక్‌వర్డ్’లో ‘వర్డ్’ అంటే వైపు. అది దిక్కు చెప్పే మాట. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచ జాతులన్నిటినీ ఒకే నిచ్చెన మీద నిలబెట్టి, కొనమెట్టు మీద యూరప్‌ను ఉంచిన ఆలోచన ఆ మాటను పాలనలోకి తెచ్చింది. ‘వెనుకబడిన జాతులు’ అనేది వలసపాలనకు సమర్థన కూడా. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కుల కొలతల్లో కులాల హెచ్చుతగ్గులు వెతికిన కాలం అది. మద్రాసు విద్యాశాఖ ఫీజు రాయితీల కోసం వెనుకబడిన తరగతుల జాబితాలు తయారుచేసుకోవడం కూడా ఆ శతాబ్దం చివర్లోనే మొదలైంది. అప్పటి జాబితాల్లో మన కులాలు కూడా ఉండేవి.

అయితే ఆ కాలంలోనే వేరే రకంగా మాట్లాడినవాళ్ళున్నారు. 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు జోతిరావు ఫూలే ఇచ్చిన విజ్ఞాపనలో వాదన సూటిగా ఉంటుంది. సర్కారు ఖజానాలో పెద్ద భాగం రైతుల చెమట. దాన్ని ఖర్చుపెట్టి చదివిస్తున్నది పైతరగతుల పిల్లల్ని. కింది కులాల పిల్లల చదువు ఎవరికీ పట్టలేదు. ఇందులో వెనుకబాటు అనేది ఎవరి ఒంట్లోనూ లేదు, డబ్బు ఎటునుంచి ఎటు పోయిందన్న లెక్కలో ఉంది. 1902 జూలై 26న కొల్హాపూర్‌లో సాహు మహరాజు ఉద్యోగాల్లో 50 శాతం కేటాయిస్తూ ఇచ్చిన ఉత్తర్వు కూడా అట్లాంటిదే. వెనుకబడినవాళ్ళు ఎవరని ఆయన జాబితా రాయలేదు. బ్రాహ్మణులు, ప్రభులు, శేణ్వీలు, పార్శీలు, ఇతర ముందున్న వర్గాలు కాక మిగిలినవాళ్ళంతా అన్నాడు. ముందున్నవాళ్ళ పేర్లు చెప్పి వెనకున్నవాళ్ళను గుర్తుపట్టిన పద్ధతి అది. 1918లో మైసూరు సంస్థానం వేసిన మిల్లర్ కమిటీ కూడా దాదాపు ఇట్లాగే చూసింది. ఆ తరవాత ఈ పద్ధతి పోయింది. రాజ్యం వెనకున్నవాళ్ళ జాబితాలు తయారుచెయ్యడంలో పడి ముందున్నవాళ్ళ జాబితా రాయడం మానేసింది. ఇప్పటికీ బీసీ జాబితా ఉంది, ఎస్సీ జాబితా ఉంది. అగ్రకులాల జాబితా అధికారికంగా కనిపించడం అరుదు.

తెలుగు నేల మీద దళితులు తమకు తాము పెట్టుకున్న పేరు వేరు. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా తలపెట్టిన సమావేశానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచములు అనే పేరు మాకొద్దు, ఈ నేలకు మేమే మొదటివాళ్ళం అని ఆ సభ ‘ఆది ఆంధ్ర’ పేరు ఎత్తుకుంది. 1911లో ఆయన హైదరాబాదులో పెట్టిన మన్య సంఘం కాలం నుంచీ సాగుతున్న ఆలోచన ఇది. నిజాం రాజ్యంలో ఇదే ‘ఆది హిందూ’ అయింది. ఆది అంటే మొదలు. ప్రభుత్వం ఒకవైపు వెనుకబడిన, అణగారిన అని రాసుకుంటున్న రోజుల్లోనే మన పెద్దలు వరసకు అటు చివర నిలబడి తమను పిలుచుకున్నారు. ఇది చదువుకున్న నాయకుల ఊహ మాత్రమే కాదు. మాదిగల కులపురాణం జాంబపురాణంలో జాంబవంతుడు భూమికంటే ఆరు నెలలు ముందు పుట్టినవాడు. ఆ కథ డక్కలివాళ్ళ నోట ఊరూరా తిరిగింది. ముందు పుట్టినోడు చివరికెట్లా పోయాడు అనేదే ఆ పురాణం అడిగే ప్రశ్న. సభలో తీర్మానం చేసినవాళ్ళకు ‘ఆది’ అనే మాట కొత్తగా వినబడి ఉండదు.

ఆది సిద్ధాంతాన్ని ఇవాళ జాతుల చరిత్రగా నిలబెట్టడం కష్టమే. దాన్ని కులానికి రక్తంతో కారణం చెప్పిన రోజుల వాదనగానే చూడాలి, అంబేద్కర్ కూడా ఆ జాతి సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. కాకపోతే ఒక పేరుగా అది చేసిన పని వేరు. దయ అడగలేదు, హక్కు అడిగింది.

పేరు దగ్గర అంబేద్కర్ పట్టింపు కూడా గట్టిదే. 1931 నవంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి ఇచ్చిన అనుబంధ విజ్ఞాపనలో ‘డిప్రెస్డ్ క్లాసెస్’ పేరు మార్చమని అడిగారు. ఆ పేరు తమవాళ్ళను కించపరిచేదిగా, చులకన చేసేదిగా ఉందన్నది వాళ్ళ అభ్యంతరం. దాని బదులు కులేతర హిందువులు, ప్రొటెస్టంట్ హిందువులు లాంటి పేర్లు సూచించారు. అంటే కులవ్యవస్థను ఒప్పుకోనివాళ్ళు అని అర్థం వచ్చే పేర్లు. రాజ్యం వాటిని తీసుకోలేదు. 1935 చట్టంలో ‘షెడ్యూల్డ్ కులాలు’ అని వచ్చింది. షెడ్యూలు అంటే పట్టిక. పట్టికలో ఎక్కిన కులాలన్నమాట. ఎండిపోయిన మాటే. అయితే అందులో వెనక, కింద అనే దిక్కులేవీ లేవు. ఆ మేరకు మేలే అనుకుంటాను.

అప్పటికే బొంబాయిలో స్టార్ట్ కమిటీ 1930లో ఒక విభజన చేసిపెట్టింది. అంబేద్కర్ అందులో సభ్యుడు. వెనుకబడిన తరగతులు అనేది పెద్ద గొడుగు, దాని కింద అంటరాని కులాలు, ఆదివాసులు, ఇతర వెనుకబడిన తరగతులు అని మూడు భాగాలు. మరాఠీ మాగాసవర్గీయలో ఆ గొడుగు ఇప్పటికీ ఉంది. మద్రాసు రాష్ట్రం దారి వేరు. 1927 కమ్యూనల్ జీవోలో ప్రతి 12 ఉద్యోగాల్లో అంటరాని కులాలకు 1, బ్రాహ్మణేతర హిందువులకు 5. ఆ అయిదూ బ్రాహ్మణేతరుల్లో పైకులాలకే పోతున్నాయని చేతివృత్తుల కులాలు పోరాడాక 1947లో 14 ఉద్యోగాల వరస వచ్చింది. అందులో ‘వెనుకబడిన హిందువుల’కు 2, ‘హరిజనుల’కు 2 విడివిడిగా ఇచ్చారు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. తెలుగులో బీసీ వేరు, ఎస్సీ వేరు అనే అలవాటుకు ఈ వరస ఒక ముఖ్యమైన మూలం.

1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో ఈ మాట మీద పెద్ద చర్చ జరిగింది. ముసాయిదా కమిటీ పదో అధికరణంలో ‘వెనుకబడిన’ అనే విశేషణం చేర్చింది. ఆ తరగతి ఎవరో చెప్పమని సభ్యులు నిలదీశారు. ఇది లాయర్లకు స్వర్గం అని టి.టి. కృష్ణమాచారి వెక్కిరించాడు. అంబేద్కర్ జవాబులో రెండు సంగతులున్నాయి. అందరికీ సమాన అవకాశం అనే సూత్రాన్ని మినహాయింపు మింగెయ్యకుండా ఉండాలంటే ఏదో ఒక హద్దు మాట కావాలి, అందుకే ‘వెనుకబడిన’. ఎవరు వెనుకబడినవాళ్ళో తేల్చడం ఆయా ప్రభుత్వాల పని. అంటే రాజ్యాంగంలో ఆ మాటకు నిర్వచనం లేదు, కావాలనే లేదు. ఇదే 16(4)గా మారింది. దానిలో ఇంకో మాట కూడా ఉంది, రాజ్యం ఉద్యోగాల్లో ‘తగిన ప్రాతినిధ్యం లేని’ అని. కోర్టులూ పత్రికలూ మొదటి మాటను పట్టుకుని ఏడు దశాబ్దాలుగా కొలుస్తున్నాయి, రెండోదాన్ని లెక్కపెట్టడం తక్కువ. వెనుకబాటు కొలవాలంటే మన గుడిసెలోకి రావాలి. ప్రాతినిధ్యం కొలవాలంటే సెక్రటేరియట్‌లోకి పోవాలి. ఏది సులువో, ఏది ఇబ్బందో వేరే చెప్పాలా?

1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు మద్రాసు కాలేజీ సీట్ల కేటాయింపును కొట్టేసింది. అదే ఏడు మొదటి సవరణతో 15(4) వచ్చింది. ‘సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన’ అన్నారు. 1953లో వేసిన కాకా కాలేల్కర్ కమిషన్ 1955లో 2,399 కులాలను వెనుకబడినవిగా గుర్తించింది. చివర్లో కాలేల్కరే ఉత్తరం రాసి కులాన్ని ఆధారం చేసుకోవడం తప్పని తన నివేదికనే కాదన్నాడు. 1980 నాటి మండల్ నివేదిక పదేళ్ళు దుమ్ము తిని 1990 ఆగస్టులో బయటికి వచ్చినప్పుడు ఏం జరిగిందో అందరికీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో బీసీ జాబితా 1968లో పి. సాగర్ కేసులో సుప్రీంకోర్టు దాకా పోయి ఓడింది. తరవాత అనంతరామన్ కమిషన్ 1970లో నివేదిక ఇచ్చింది. 30 శాతం అడిగితే ప్రభుత్వం 25 ఇచ్చింది. ఏ గ్రూపుకు 7, బి కి 10, సి కి 1, డి కి 7. ఈ లెక్కలో సి గ్రూపు దగ్గర మన పాఠకులు ఆగి చూడాలి. సి అంటే క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డ్ కులాలవాళ్ళు, వాళ్ళ సంతానం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సడలించారు, క్రైస్తవులకు లేదు. అదే వాడ, అదే గుడిసె, ఊళ్ళో అదే చూపు. అన్న సర్టిఫికెట్‌లో షెడ్యూల్డ్ కులం, తమ్ముడి సర్టిఫికెట్‌లో వెనుకబడిన తరగతి. తమ్ముడు ఏ అడుగు వేసి వెనకబడ్డాడు? చర్చి వైపు వేసిన అడుగు తప్ప ఇంకోటి లేదు. ‘వెనుకబడిన’ అనే మాట సామాజిక వాస్తవం చెప్పడం లేదని, పాలనలో గీసిన గీతను చెబుతోందని చూపడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ మాట ఎవరి మీద వాడినప్పుడు ఎట్లా ధ్వనిస్తుందో కూడా పోల్చి చూడాలి. ‘వెనుకబడిన ప్రాంతం’ అనే మాట 1969 నుంచి తెలంగాణ ఉద్యమాల్లోనూ, రాయలసీమ, ఉత్తరాంధ్ర చర్చల్లోనూ విన్నాం. అక్కడ ఎవరూ ‘మీ ప్రాంతం సోమరి కాబట్టి వెనకబడింది’ అని ఊరుకోరు. నీళ్ళు ఎటు పోయాయి, నిధులు ఎటు పోయాయి, ఉద్యోగాలు ఎవరికి పోయాయి అని లెక్కలు తీస్తారు. 2014 విభజన చట్టం కూడా వెనుకబడిన ప్రాంతాలకు బాకీ ఉన్నట్టే మాట్లాడింది. ప్రాంతం వెనకబడితే దోషి పాలకుడు. కులం వెనకబడితే దోషి ఆ కులమే. ప్రాంతీయ వెనుకబాటు మీద ఆవేశంగా రాసిన చేతులే కులం దగ్గరికొచ్చేసరికి ‘ప్రతిభ’ అని రాయడం చూస్తూనే ఉన్నాం. ఒకే మాటకు రెండు వ్యాకరణాలు.

అసలు వెనకబడడం అనేదే నిజమైతే, ముందుకు అడుగేసినవాళ్ళ మీద దాడి జరగకూడదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది తాగే నీళ్ళను పాడుచేస్తుంటే వద్దన్నందుకు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపడానికి ముందు రేగిన గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న దాని మీద. రెండు చోట్లా దాడికి గురైంది చదువుకుంటున్న, ఎదురు చెప్పగలిగిన, తలెత్తి నడుస్తున్న పల్లెలే. ఆ తరవాతే ‘దళిత’ అనే మాట తెలుగులో వేళ్ళూనుకుంది. చీల్చబడిన, నలిపివేయబడిన అనే అర్థం ఉన్న కర్మణి మాట అది. ఎవరిచేత అని అడగనివ్వని మాటను పక్కన పెట్టి, అడిగించే మాటను ఉద్యమం ఎంచుకుంది.

2019లో 103వ సవరణ వచ్చినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అగ్రకులాల్లో పేదలకు 10 శాతం ఇచ్చారు. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఇలాంటి 10 శాతాన్నే ‘ఆర్థికంగా వెనుకబడిన’ పేరుతో ఇస్తే 1992లో ఇంద్రా సహానీ తీర్పు కొట్టేసింది. ఈసారి ‘ఆర్థికంగా బలహీన’ అని రాశారు. వెనుకబడిన అనే మాట వాళ్ళకు అంటకుండా తప్పించారు. తెలుగు పత్రికలైతే ఇంకో మెట్టెక్కి ‘అగ్రవర్ణ పేదలు’ అన్నాయి. పేదరికంలో కూడా అగ్రం అగ్రంగానే ఉంది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఇక మనలో మనకున్న వరస. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఉద్యమం, షెడ్యూల్డ్ కులాల లోపల అందరూ ఒకేచోట లేరని లెక్కలతో అడిగింది. 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, షెడ్యూల్డ్ కులాలన్నీ ఒకే తరగతి అంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి ఆ తీర్పును తిరగరాసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులు అమల్లోకొచ్చాయి. 15 కులాల మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5. ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, అనుబంధ కులాలకు 1, మాదిగ, అనుబంధ కులాలకు 6.5, మాల, అనుబంధ కులాలకు 7.5. వర్గీకరణ న్యాయమైనదని నా అభిప్రాయం. పొలంలో వరస కలపడం లాంటిదే ఇది, ముందున్నామె చెయ్యి వెయ్యాలి. కానీ ఈ చర్చలో మనవాళ్ళ నోట కూడా ‘వాళ్ళు వెనకబడ్డారు కాబట్టి’ అనే మాట వినబడుతోంది. మాల మాదిగల మధ్య చదువు తేడా మిషన్ బళ్ళు ఎక్కడెక్కడ పెట్టారు, తోలు పని ఎవరి మెడకు కట్టారు, సాగునీళ్ళు ఏ ఊళ్ళకు వచ్చాయి అనే సంగతుల్లో ఉంది. అది కూడా జిల్లా జిల్లాకూ వేరు. ఆ పరిశోధన మనం చెయ్యకపోతే అగ్రకులాలు మన మీద వాడిన వ్యాకరణాన్నే మనం రెల్లి మీదా బుడగ జంగం మీదా వాడతాం.

తెలంగాణ మొదటి గ్రూపు 15 కులాల్లో డక్కలి కూడా ఉంది. అందరికంటే ముందు పుట్టిన జాంబవుడి కథ మోసుకొచ్చినవాళ్ళు. మాదిగలకు ఆశ్రితకులం. మాదిగ వాడలో కథ చెప్పి, అక్కడ పెట్టింది తిని, ఊరికీ వాడకూ రెంటికీ అవతల డేరా వేసుకున్నవాళ్ళు. వాళ్ళను అవతల ఉంచిందెవరో రాయాల్సి వస్తే ఆ వాక్యంలో కర్త పేరు ఒక్కటే ఉండదు.